నాలుగో నంబరు

ఈ కబురు మొదట మా ఇంటికి తెచ్చింది ఈ దీవిలోనే గరాచర్మలో ఉండే మా ఆడపడుచు. ఫోను చేస్తే సరిపోయేదానికి బస్సెక్కి డాలీగంజ్ దాకా వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే కేకేసింది. "ఒదినా, పెద్దమ్మ టీవీలో ఒస్తంది! అడ్వటైజుమెంటులో సూసినాను. పక్కా పెద్దమ్మే!" ఏదో హిందీ చానల్ ఇరవయ్యేళ్ళ కిందటి దశాబ్దాన్ని వెనక్కి తిప్పుతోందట. ఆ పదేళ్ళలో టీవీలో వచ్చిన మరపురాని ఘట్టాలు వంద ఏరి, వందో నంబరు నుంచి ఒకటో నంబరు దాకా ఆదివారం వరసగా వేస్తారట. ఆ ప్రకటనలో రెప్పపాటు సేపు, జెట్టీ మీద గాలికి చెదిరిన జుట్టుతో, చేతిలో మైకుతో మా పెద్దమ్మ.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. మా ఇంట్లోనే ఉంటుంది, అది మాకు గంగమ్మ తల్లి చేసిన మేలు. ఆమె భర్త, మా పెదనాన్న, చేపల వేటకెళ్ళని రోజుల్లో పడవల ముక్కుల మీద రంగుతో పేర్లు రాసేవాడు. చిన్న పిల్లల్ని ఎత్తుకునే పనిలో పడి నేను బడి మొహం చూడలేదు. ఆయనే మిగిలిన రంగుతో విరిగిన పలక చెక్క మీద నాకు అక్షరాలు దిద్దించాడు. ఏ పడవకి ఏ రంగు మిగిలితే ఆ రంగే కాబట్టి, ఇప్పటికీ నా మనసులో 'అ' ఆకుపచ్చ, 'క' ఎరుపు. అలాంటి మనిషి ఒకనాడు బోటు మీద వెళ్ళి తిరిగి రాలేదు. బోటూ రాలేదు, చెక్కముక్కా రాలేదు. కార్యం చేసెయ్యమని కులపెద్దలు ఎంత చెప్పినా పెద్దమ్మ ఒప్పుకోలేదు. పోయాడని ఎవరైనా చూసి చెబితేనే గాజులు తీస్తానంది. ఇన్నేళ్ళూ ఎర్ర బొట్టుతో, చేతినిండా గాజులతోనే ఉంది.

అందుకని టీవీ మాట వినగానే ఆమె ముఖం వెలిగింది, తన బొమ్మ కోసం కాదు. "ఇన్నేళ్ళ తరవాత ఊరికినే సూపిస్తారేటి? బోటు జాడ ఏటో తెలిసుంటది ఆల్లకి," అంది. నిజం చెప్పాలంటే, నాకూ అలాగే ఉంటుందేమో అనిపించింది. ఆ వారమంతా దీపం పెట్టినప్పుడల్లా తల్లికి ముందుగానే దణ్ణాలు పెట్టుకున్నాను.

ఆదివారం షాదీపూర్ చుట్టాలు, ఇరుగుపొరుగు, అందరూ మా ముందుగదిలో చేరారు. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని, కుర్చీ టీవీకి ఎదురుగా వేయించుకుంది. పాత పాటలు, పాత సబ్బు ప్రకటనలు, నడుము దిగజారిన ప్యాంట్ల మొగాళ్ళు వచ్చిపోతున్నారు. నంబర్లు తగ్గే కొద్దీ మా మరిది ఉత్సాహం పెరిగింది. "ఇంకా రాలేదంటే పెద్దమ్మది టాప్ టెన్నే! ఫస్టు ప్రైజు కొట్టేస్తాది సూడండి!" అని గదంతా తిరిగి మిక్చరు పంచాడు. పొరుగింటి బెంగాలీ ఆవిడ కూడా "దీదీ, ఆప్ తో హీరోయిన్ హో గయీ," అంటే పెద్దమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

నాలుగో నంబరుకి వచ్చింది.

ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలుసు. ఆ రోజుల్లో జెట్టీ పక్క షెడ్డులో ఒక వైర్‌లెస్ ఉండేది. సముద్రం మీదున్న మొగుళ్ళతో మా ఆడవాళ్ళు దాంట్లోనే మాట్లాడేవారు. నోటి దగ్గర పెట్టుకుని మాట చెప్పాలి, చివర "ఓవర్" అనాలి, తర్వాత చెవికి ఆనించుకుని జవాబు కోసం ఆగాలి. రాని బోటు కోసం రెండు రాత్రులు నిద్ర లేకుండా జెట్టీ మీద నిలబడిన మనిషి ముందుకి టీవీ వాళ్ళొచ్చి నల్లటి మైకు చాచి "బోలియే" అన్నారు. ఆమె దాన్ని రెండు చేతులతో లాక్కుంది. "ఏటయ్యా, ఇనబడతందా? కానగంతల పులుసు ఒండినాను, సల్లారిపోతంది. బేగొచ్చీ. ఓవర్," అంది. మైకు చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

దానికి వాళ్ళు వెనక నుంచి బాకా మోత తగిలించారు. మైకు చెవి దగ్గరికి వెళ్ళే ముక్కని ముందుకీ వెనక్కీ తిప్పి మళ్ళీ మళ్ళీ వేశారు. రంగురంగుల చొక్కాల కుర్రాడూ, అమ్మాయీ సోఫాలో పొర్లుతూ "ఆంటీజీ కీ కర్రీ ఠండీ హో గయీ! ఓవర్!" అని ఒకరి చెవిలో ఒకరు అరుచుకున్నారు. గదిలో ముందు మా మరిది నవ్వాడు. తర్వాత వెనక వరసంతా నవ్వింది. బాకా మోతకి నవ్వొస్తుంది మరి, దాన్ని అందుకే పెడతారు.

మా ఆయన లేచి టీవీ కట్టెయ్యబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఉంచు. ఇంకా సెప్తారు."

మూడో నంబరులో ఎవరో నాయకుడు కాలవలో పడ్డాడు. రెండులో ఒక పెళ్ళికొడుకు గుర్రం మీంచి జారాడు. ఒకటో నంబరు, ఆఫీసరు కళ్ళజోడు లాక్కుని పెట్టుకున్న కోతి. దానికి ఎక్కువ సేపే ఇచ్చారు. తర్వాత పేర్లు పరిగెత్తాయి, అయిపోయింది.

"బోటు మాటేదే?" అంది పెద్దమ్మ.

మా ఆడపడుచు గభాలున అందుకుంది. "టైము సరిపోలేదేమో పెద్దమ్మా."

"కోతికి సరిపోయింది," అంది పెద్దమ్మ.

మర్నాడు పొద్దున్న తనే గాజులు తీసి కొంగున మూటగట్టుకుంది. "ఆ రోజులన్నీ తవ్వి తీసినోల్లకే తెల్దు. ఇంకెవులికి తెలుస్తాది?" అని జెట్టీకి వెళ్ళి నీళ్ళలో వదిలింది. ఎదురొచ్చిన చేపలమ్మే పిల్లలు ఫోన్లు చెవికి పెట్టుకుని "ఓవర్!" అన్నారట. ఆమె వాళ్ళని తిట్టలేదట. ఆ మాట కూడా ఆమె చెప్పలేదు, వెనక నడిచిన మా ఆయన చెప్పాడు.

ఆ చానల్‌కి కూడా నేను ఒక దణ్ణం బాకీనే. పెద్దమ్మ నల్లజుట్టు నేను మర్చిపోయాను, వాళ్ళు దాచారు. ఆ ముక్క ఇప్పుడు అందరి ఫోన్లలోకీ తిరుగుతోంది, మీకూ రావచ్చు. నవ్వొస్తే నవ్వుకోండి. కానీ ఆమె కళ్ళు మూసుకుని చెవి ఒగ్గినప్పుడు, అవతల ఒక మనిషి ఉన్నాడని గుర్తుంచుకోండి. పడవల మీద పేర్లు రాసేవాడు. మీరు ఇప్పుడు చదివిన ఈ అక్షరాలన్నీ ఆయన దిద్దించినవే. కాలానికి పదేళ్ళు లెక్కపెట్టి నవ్వులు ఏరుకోవడం వచ్చు గానీ, వెళ్ళినవాణ్ణి తలుచుకోవడం రాదు. ఆ పని మనమే చెయ్యాలి. మా పెదనాన్నని ఒక్కసారి తలుచుకోండి.