షోలాపూర్ దాకా కుక్కతో

మొన్న నా కారు ఏసీ పనిచెయ్యడం మానేస్తే ఏలూరులో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను డాష్‌బోర్డు కిందనుంచి ఫిల్టరు బయటికి లాగి, ఎండలో పెట్టి చూసి, తర్వాత నన్ను చూశాడు. "ఏవండీ, బండిలో ఏదన్నా జంతువుని మోశారా?" అన్నాడు. ఫిల్టరు నిండా గోధుమరంగు వెంట్రుకలు. ఈ బండి కొన్ననాటినుంచీ నా చేతిలోనే ఉందనీ, నేను పత్రికలో పనిచేసి రిటైరైనవాణ్ణనీ, మేకల వ్యాపారం ఎన్నడూ చెయ్యలేదనీ చెప్పుకున్నాను. అతను నమ్మినట్టు లేదు. నాకు కోపం మాత్రం రాలేదు. ఆ వెంట్రుకలు రాలిన ప్రయాణం పొడుగునా మేం కూడా ఒకళ్లనొకళ్లం అలాగే చూసుకున్నాం.

అది మూడు వేసవుల కిందటి మాట. తాడేపల్లిగూడెంలో మా అక్క, బావగారు ఉంటారు. బావగారిది ఉల్లిపాయల టోకు వ్యాపారం. కర్నూలునుంచీ, షోలాపూర్‌నుంచీ లారీలొస్తాయి, దిగుమతి అవుతాయి, పోతాయి. ఫలానా వాడు ఫలానా రోజుకి సరుకు పంపుతానన్నాడంటే పంపినట్టే. అంతా నోటిమాట మీద నడిచే వ్యవహారం. నాలాంటి వాడికి ఇది ఎప్పుడూ వింతగానే ఉండేది. ఒక మనిషి చెప్పిన మాటని ఇంకో మనిషిచేత రూఢి చేయించుకుంటే తప్ప అచ్చుకి పంపకూడదని నేర్చుకున్న ఉద్యోగం నాది. బావగారు మాత్రం ఉల్లిపాయ మెడ నొక్కి చూస్తారుగానీ మనిషి మాట నొక్కి చూడరు.

ఆ ప్రయాణానికి రెండేళ్ల ముందు, ఒక మహారాష్ట్ర లారీ సరుకు దింపి వెళ్లిపోయాక, కొట్టు ముందు ఓ కుక్క మిగిలిపోయింది. లారీలోంచి దూకేసి మన గుమ్మమే వెతుక్కుంటూ వచ్చిందని అక్క నమ్మకం. ఆ సంగతి ఆవిడకి చెప్పింది బావగారే. అక్క దానికి రాజా అని పేరు పెట్టి, పెరుగన్నం అలవాటు చేసి, మధ్యాహ్నాలు దాని పక్కన కూర్చుని ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. బావగారు దాని మీద చెయ్యి కూడా వేసేవారు కాదు. వేళకి తిండి పెట్టారా అని అడిగేవారు, పశువుల డాక్టరు దగ్గరికి పంపి సూదులు వేయించేవారు, అంతే. కాళ్లకి చుట్టుకుంటే కాళ్లు వెనక్కి లాక్కునేవారు. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టడానికి జంకే మనిషిలా ఉండేది ఆయన వాలకం.

అందుకే ఆ వేసవిలో ఆయన ఉన్నట్టుండి, "షోలాపూర్ వైపు పనుంది, కుక్కని కూడా తీసుకెళ్తా" అనేసరికి అక్క ఏలూరుకి ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆయన దాన్ని ఎక్కడో దింపేసి వచ్చేలా ఉన్నార్రా."

"దింపడానికి అంత దూరం ఎందుకక్కా?"

"దగ్గర్లో దింపితే తిరిగొచ్చేస్తుంది కదా! మన పిల్లి సంగతి మర్చిపోయావా?"

ఆ పిల్లి సంగతి కాస్త చెప్పాలి. మా వైపు ఇళ్లలో పిల్లి బెడద ఎక్కువైతే దాన్ని కొట్టరు, పాపమని. గోనెసంచిలో వేసి మూతి కట్టి, దారి గుర్తుపట్టకుండా సంచిని ఒకటి రెండుసార్లు గిరగిరా తిప్పి, ఊరికి దూరంగా తీసుకెళ్లి వదిలేస్తారు. ఎక్కడ పడితే అక్కడ వదలకూడదు. దానికి తిండి దొరికే చోట వదలాలి. అప్పుడు పాపం అంటదు. ఆ లెక్కన గూడెం, భీమడోలు, ఏలూరు ఇళ్ల పిల్లులన్నిటికీ కొల్లేరే గతి. చేపల చెరువుల గట్ల మీద అంతంత బలిసిన పిల్లులు తిరగడానికి కారణం ఇదేనని నా అనుమానం. దీని మీద వార్త రాద్దామని చాలాసార్లు అనుకున్నానుగానీ, మా ఇంట్లోవాళ్ల పేర్లే ముందొస్తాయని మానుకున్నాను. బావగారు ఒకప్పుడు ఇలాగే ఓ పిల్లిని స్కూటరు మీద కొల్లేటి గట్టుకి తీసుకెళ్లి వదిలొచ్చారు. "చేప నోట కరుచుకుని వెళ్లిందే, నా కళ్లతో చూశా" అని ఆయన ఎంత చెప్పినా అక్క ఇప్పటికీ మెత్తబడలేదు.

"నీ కారులో వెళ్లండి, నువ్వుండు, దాని మీంచి కన్ను తియ్యకు" అంది. "రాజా లేకుండా తిరిగొచ్చారంటే మాత్రం ఇద్దరికీ నా చేతి కాఫీ ఇహ లేదు."

నవ్వుతూనే అంది. ఆ తర్వాత గొంతు మారింది. "అది లేకపోతే మధ్యాహ్నాలు నాకు పిచ్చెక్కుతుందిరా" అంది.

తెల్లారుతుండగా గూడెంలో బయల్దేరాం. బావగారు చంకలో ఒక ఖాళీ గోనెసంచి పెట్టుకుని వచ్చారు. అక్క ఆ సంచిని చూసింది, నన్ను చూసింది. గుండుగొలను దాటాక ఉండబట్టలేక అడిగాను.

"సంచి ఎందుకండీ బావగారూ?"

"ఉండనీవయ్యా, దారిలో పనికొస్తుంది."

"దేనికండీ?"

"సంచి దేనికి పనికొస్తుందో చెప్పాలా? నువ్వు రిటైరైపోయావని ఆ పత్రికవాళ్లు నీకు చెప్పలేదా ఏంటి?"

కుక్క వెనక సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంది. మిగతా కుక్కల్లా కిటికీలోంచి మూతి పెట్టి గాలి తాగే సరదా దానికి లేదు. వెనకనుంచి ఎవరొస్తున్నారో చూసుకుంటూ కూర్చునేది. టోల్‌గేటు దగ్గర కర్ర లేస్తే మొరిగేది. విజయవాడ దాటాక ఎండ పెరిగింది. రోడ్డు పక్క తాటిముంజలు కొట్టించుకుని తిన్నాం. దానికి ఒకటి పెడితే వాసన చూసి, మా ఇద్దరిలో ఎవరో విషం పెడుతున్నారన్నట్టు పక్కకి తిరిగింది. గంటకోసారి అక్క ఫోన్. "ఉందా?" అనేది. "ఉంది" అనేవాణ్ణి. పెట్టేసేది. బావగారికి వినపడేది, విననట్టు రోడ్డు చూసేవారు. ఆయన కూడా మధ్యమధ్య కారు ఆపించి, దూరంగా వెళ్లి, చేతిని నోటికి అడ్డం పెట్టుకుని ఎవరెవరితోనో ఫోన్లో మాట్లాడేవారు. సూర్యాపేట దగ్గర టిఫిన్ తినేచోట సర్వర్ని పిలిచి, "ఇక్కడ కుక్కకి తిండి ఏదన్నా దొరుకుతుందా బాబూ?" అని అడిగారు. నా చేతిలో దోసె ముక్క ఆగిపోయింది.

ఆ సాయంత్రం జహీరాబాద్ దగ్గర లాడ్జిలో గది అడిగితే, మేనేజరు మా గుర్తింపు కార్డులు తీసుకుని, బల్లమీంచి వంగి కుక్కని చూశాడు. "ముగ్గురూ ఒకరికొకరు ఏమవుతారండీ?" అన్నాడు. ఏమని చెప్పాలి? ఒకాయన మా అక్కమొగుడు, రెండోది మా అక్క ప్రాణం, నేను కాపలాదారుని. చివరికి జనరేటరు పక్కన గది ఇచ్చాడు. కుక్క నున్నటి బండల మీద నిలబడే ఉంది, పడుకోదు. బావగారు గోనెసంచి దులిపి పరిచారు. అది వెంటనే వచ్చి ముడుచుకుని పడుకుంది. "ఉల్లి సంచుల మీద పెరిగిందయ్యా, మంచం వేసినా నిద్రపట్టదు" అన్నారు. నేను తల ఊపాను. లోపల మాత్రం, సంచి అంటే భయం పోయేలా అలవాటు చేస్తున్నారనుకున్నాను. అనుమానానికి ఒకసారి కూర్చోడానికి చోటిస్తే ఇక మంచితనం కూడా దానికే సాక్ష్యం చెబుతుంది.

మర్నాడు కర్ణాటకలోకి వచ్చాం. బోర్డుల మీద అక్షరాలు మన అక్షరాల్లాగే కనపడి, తీరా చదవబోతే జారిపోయేవి. హుమ్నాబాద్ దాటాక లారీలు వరుసగా ఆగి ఉన్న ఓ దాబా దగ్గర బావగారు ఆపమన్నారు. "నువ్వు టీ తాగుతూ ఉండు, దీన్ని అలా తిప్పుకొస్తా" అని గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్లారు. సంచి కూడా తీసుకున్నారు. టీ వదిలేసి నేనూ వెనకే నడిచాను, లారీ చక్రాల చాటున నక్కుతూ. అరవై దాటిన మనిషి చెయ్యవలసిన పని కాదు.

బావగారు ఒక్కో లారీ దగ్గరికీ కుక్కని తీసుకెళ్లి డ్రైవర్లకి చూపించి, గుర్తుపడతారేమోనని వాకబు చేస్తున్నారు. "భయ్యాగారూ, యే కుత్తా ఆప్ పెహచాన్‌తే క్యా అండీ?" అని అడుగుతున్నారు. ఆయన హిందీకి సగంమంది నవ్వారు. ఒక ముసలి డ్రైవరు మాత్రం కుక్కని పరకాయించి చూసి, చెయ్యి ఊపుతూ ఏదో చెప్పాడు. బావగారి మొహం వెలిగిపోయింది. అటు తిరిగేసరికి చక్రం చాటున నేను కనపడ్డాను.

"మీ అక్క పంపిందా?"

"అవునండీ."

"దీన్ని ఎక్కడో పారేస్తాననుకుంది కదూ?"

"నేనూ అనుకున్నానండీ."

ఆయన అక్కడే లారీ నీడలో సంచి పరుచుకుని కూర్చున్నారు. అప్పుడు చెప్పారు. కుక్క దూకి రాలేదట. దాని డ్రైవరు, "సేట్‌గారూ, ఒక్క ట్రిప్పు చూసుకోండి, వచ్చి తీసుకెళ్తా" అని ఆయన చేతికి గొలుసిచ్చి వెళ్లాడట. మళ్లీ రాలేదు. ఫోన్ నంబరు పనిచెయ్యడం లేదు. ఏ ప్రమాదంలో పడ్డాడో, ఇంటి దగ్గర దీని కోసం ఎవరు ఎదురు చూస్తున్నారో అని రెండేళ్లుగా ఆయనకి బెంగ. దారిపొడుగునా దూరంగా వెళ్లి చేసిన ఫోన్లన్నీ అతని ఆచూకీ కోసమేనట.

"మనది కాదయ్యా ఇది. అప్పజెప్పి వెళ్లాడు. పరాయి సొత్తు మీద ఆశ పెంచుకుంటే తిరిగివ్వడానికి చెయ్యి రాదు. అందుకే నేను దాని జోలికి పోలేదు."

"మరి అక్కకి ఎందుకు చెప్పలేదండీ?"

 అదే సమయానికి ఫోన్ మోగింది. "ఉందా?" అంది అక్క. "ఉంది" అన్నాను. మొదటిసారి ఆ మాట అబద్ధంలా వినిపించింది. ఎందుకంటే ఆ ముసలి డ్రైవరు చెప్పిన ఊరు షోలాపూర్‌కి ఇవతలే ఉంది. కుక్క యజమాని బతికే ఉన్నాడు, లారీ మానేసి ఊళ్లోనే ఉంటున్నాడు. సాయంత్రానికల్లా అక్క మధ్యాహ్నాలు ఖాళీ అయిపోతాయి.

నల్లరేగడి పొలాల మధ్య చిన్న ఊరు. ఇల్లు దొరికింది. తలుపు తీసినావిడ మా కారునీ, ఏపీ నంబరునీ, కుక్కనీ చూసి, ఆయన ఊళ్లో లేడని చేతులతో చెప్పింది. గుమ్మంలో మగవాళ్ల చెప్పులున్నాయి. బావగారు నిరాశగా వెనక్కి తిరుగుతున్నారు. నేను చెప్పులకేసి చూస్తున్నాను. మా ఇద్దరికన్నా ముందు కుక్క తేల్చేసింది. గొలుసు లాక్కుని ఇంటి వెనక్కి పరుగెత్తింది. వెనక మేకల పాకలోంచి ఒక మనిషి కేక వినపడింది.

అతను చేతులు జోడించుకుంటూ బయటికొచ్చాడు. కుక్క అతని చుట్టూ ఓసారి తిరిగి, వాసన చూసి, పాత పరిచయస్థుణ్ణి బజార్లో పలకరించినట్టు తోక ఊపి, వచ్చి కారు నీడలో కూర్చుంది. దాబాల్లో, కొట్లలో నేర్చుకున్న తెలుగులో అతను మొదలుపెట్టాడు.

"తప్పు అయిపోయింది అండీ సేట్‌గారూ. ఇక్కడ వదలొద్దు అండీ. ఇది మా అమ్మని కరిచింది. పక్కింటి కోళ్లు అన్నీ తినేసింది. ఊరివాళ్లు చంపేస్తాం అన్నారు. మీ దగ్గర తిండి ఉంది, నీడ ఉంది, మీరు మంచోళ్లు. అందుకే మీకు ఇచ్చాను అండీ."

బావగారికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "వచ్చి తీసుకెళ్తానన్నావు కదయ్యా?"

"అన్నాను అండీ. వదిలేటప్పుడు అందరూ అలాగే అంటారు కదా అండీ."

నాకు నవ్వాగలేదు. మావాళ్లు సంచిలో చేసే పనిని ఇతను లారీలో చేశాడు. రాష్ట్రాలు దాటించాడు, అంతే తేడా. మేమంతా బావగారిని అనుమానిస్తూ ఇంత దూరం వస్తే, అనుమానించాల్సిన మనిషిని ఆయనొక్కరే రెండేళ్లు నమ్మారు. కానీ బావగారి మొహం చూశాక నవ్వు మింగేశాను. ఆయన అక్కడున్న నులకమంచం మీద కూర్చుండిపోయారు.

"అయితే ఇది నీది కాదా?"

"మొదటి రోజునుంచీ మీదే అండీ."

ఆవిడ మజ్జిగ తెచ్చిచ్చింది. బావగారు గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగలేదు. కాసేపటికి కుక్క లేచొచ్చి ఆయన మోకాళ్ల దగ్గర నిలబడింది. అలవాటుగా ఆయన కాళ్లు వెనక్కి లాక్కోబోయి ఆగారు. చెయ్యి చాపి, మెల్లగా, దాని తల మీద పెట్టారు. "ఏరా, ఆకలేస్తోందా?" అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయన ముందు సీట్లో కూర్చోలేదు. కుక్కతోపాటు వెనక కూర్చుని, నన్ను కిరాయి డ్రైవరుని చేశారు. గూడెం చేరేసరికి అక్క వీధిలోనే ఉంది. కుక్కని చూసి ఊపిరి పీల్చుకుంది. దాని వీపు మీద ఆయన చెయ్యి చూసి మళ్లీ మొహం ముడుచుకుంది. "ఏం చేశారు దీన్ని? ఏదో చేశారు. లేకపోతే ఇంత ప్రేమెందుకు?" అని నన్ను నిలదీసింది.

అంతా విన్నాక కోపం వచ్చింది. డ్రైవరు మీద కాదు. "రెండేళ్లు నా దగ్గర దాచారా? ఏనాడో వచ్చి పట్టుకుపోతాడని తెలిసీ, నన్ను దాన్ని అంతలా పెంచుకోనిచ్చారా?"

బావగారు చెప్పులు విప్పుతూ, తల ఎత్తకుండా అన్నారు. "చెబితే నువ్వు కూడా నాలాగే దూరంగా ఉండేదానివి. దానికి ఎవరో ఒకరు ఉండాలి కదా."

అక్క లోపలికెళ్లి కాఫీ కలిపింది.

ఇప్పుడు సాయంత్రాలు బావగారు కొట్టు తొందరగా కట్టేసి దాన్ని కాలవ గట్టు మీదకి తీసుకెళ్తారు. ఇద్దరూ మెల్లగా నడుస్తారు. దాని మూతి దగ్గర తెలుపు వచ్చింది, ఆయనకి మోకాలు పట్టేస్తోంది. పోయిన వారం వెళ్లినప్పుడు వెనకనుంచి చూశాను. దాటిపోయిన ఆ రెండేళ్లనీ ఆయన రోజుకి కాస్త చొప్పున పూడ్చుకోవాలని చూస్తున్నట్టుంది. పూడతాయని నాకు నమ్మకం లేదు. మనది కాదనుకుని దూరంగా ఉన్న రోజులు కూడా ఆయుష్షులోంచే పోతాయి; ఆయనవీ, దానివీ.