గంట ప్రయాణం, విరిగిన జున్నుపాలు

మా అక్కను రాజమండ్రిలో ఇచ్చారు. పోయినేడాది ఆమెకు కేన్సర్ మందులు ఎక్కిస్తున్నప్పుడు ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. ఒకరోజు ఫోన్‌లో, "తమ్మీ, జున్ను తినబుద్ధయితుందిరా," అంది. నెల రోజుల్లో ఆమె నోట తిండి మాట రావడం అదే మొదలు.

మాది పట్నం పాతబస్తీలోని గౌలిపుర. పాల వ్యాపారం నాన్నతోనే పోయినా, అమ్మ ఒక్క బర్రెను మాత్రం వదల్లేదు. సరిగ్గా ఆ వారమే అది ఈనింది. పొద్దున్నే పిండిన జున్నుపాలు అమ్మ స్టీలు క్యానులో పోసి, థర్మకోల్ డబ్బాలో ఐసు మధ్య పెట్టింది.

"బస్సుల పో బిడ్డా. డబ్బా ఒళ్లె పెట్టుకొని కూసోవచ్చు," అంది.

"బస్సుల తొమ్మిది గంటలమ్మా. విమానంల గంటా అయిదు నిమిషాలే," అన్నాను. గాలిలో దూరం మూడు వందల అరవై కిలోమీటర్లేనని ఫోన్‌లో చూపించాను కూడా.

పదింటికి విమానం. విమానాశ్రయంలో ఐసు డబ్బా లోపలికి రాదన్నారు. ఐసు పారబోసి, క్యానును తువ్వాలులో చుట్టి బట్టల బ్యాగులో పెట్టి సామాను కౌంటర్‌లో ఇచ్చేశాను. ఆ తర్వాత పదింటిది ఒంటిగంట అయింది, ఒంటిగంటది మూడున్నర అయింది. బ్యాగు తిరిగి ఇమ్మంటే కుదరదన్నారు. పక్క కుర్చీ మనిషి మేజోళ్లు విప్పి కాళ్లు చాపుకున్నాడు. కొన్న శాండ్‌విచ్ తడిసిన అట్టలా ఉంది. తెర మీద మాత్రం ప్రయాణ సమయం ఇంకా గంటా అయిదు నిమిషాలే. దాన్ని చూస్తుంటే ఒళ్లు మండింది.

గాలిలో ఉన్నది నిజంగా గంటే. బెల్టు మీద నా బ్యాగు వస్తుంటే జనం ముక్కులు మూసుకుని జరిగారు. ఒక మూల తడిసి కారుతోంది. టాక్సీ అతను అద్దాలన్నీ దించి, "ఏంటండీ ఈ కంపు?" అన్నాడు.

అక్క ఇంటి వాకిట్లో బ్యాగు తెరిచాను. పసుపు పచ్చగా విరిగిన పాలు నా చొక్కాలకు, అమ్మ అక్కకని పంపిన చీరకు ముద్దలుగా అంటుకుని ఉన్నాయి. పుల్లగా, కుళ్లిన వాసన. వద్దనేలోపే అక్క గోడ పట్టుకుని బయటికి వచ్చింది. వాసన తగలగానే కాలువ దగ్గర కూలబడి, అప్పుడే తాగిన గంజంతా కక్కుకుంది. వీపు పట్టుకుంటే ఎముకలు చేతికి తగిలాయి.

"నువ్వేం జేస్తవురా, విమానమోళ్లు గట్ల జేసిండ్రు," అంది మూతి తుడుచుకుంటూ. బస్సులో పొమ్మని అమ్మ చెప్పిందని అక్కకు తెలియదు.

అంతలోనే అమ్మ ఫోన్ చేసింది. అక్కే ఎత్తింది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననమ్మా. మస్తుగుంది."

నేను కుళాయి కింద చీర ఉతుకుతున్నాను. ఎంత రుద్దినా వాసన పోలేదు. అంతకన్నా ఎక్కువ రోత నా మీద నాకే పుట్టింది. అక్క ఆ రాత్రి ఏమీ తినలేదు.