పిడికెడు నూకలు

పొయ్యి మీద ఎసరు పెట్టి, ఆ పూటకు బియ్యం కొలుచుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా ముంతలో వెయ్యాలి. అది దేవుడిది. ఆదివారం నాడు ముంతలోవి గుడ్డసంచిలో పోసుకుని చర్చికి తీసుకెళ్ళి, ముందు పెట్టిన గంపలో పొయ్యాలి. డెబ్బైలలో తిరువూరులో మా సంఘపు ఆడవాళ్ళందరూ చేసే పని ఇది. జీతంలో దశమభాగం ఇవ్వగలిగిన ఇళ్ళు నాలుగో అయిదో ఉండేవి. మిగిలినవన్నీ కూలి బతుకులు. వాళ్ళ దశమభాగమైనా, కానుకైనా ఆ పిడికెడే. గంపలో పడ్డ బియ్యం పాస్టరుగారింటికి వెళ్ళేవి. ఆ ఇంట్లో అయిదుగురు వారమంతా అవే వండుకు తినేవారు.

నేను బడిపంతులమ్మని. అత్తగారివాళ్ళకి గంపలగూడెం దగ్గర కాస్త మాగాణి ఉండడంతో ఏటా బస్తాలు ఇంటికొచ్చేవి. మరి నువ్వు రోజూ పిడికెడు తీసేదానివా అంటే, తీశాను నా మొహం! పొద్దున్నే బడి హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది? శనివారం సాయంత్రం గబగబా బస్తాలోంచి ఒక మానికెడు సంచిలోకి వంపేసేదాన్ని. మా ఇంట్లో ఎవరి కంచంలోనూ ఒక్క మెతుకు తగ్గేది కాదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అత్తగారి బస్తాలోంచి నా భక్తి. పైగా గంప దగ్గర అందరికంటే నా సంచే బరువని లోలోపల గర్వం కూడాను.

ఆ ఏడు నన్ను స్త్రీల సమాజానికి కార్యదర్శిని చేశారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నా పని అచ్చం అలాగే అయింది. చాపలు ఎవరు దులపాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, అన్నీ నేనే. అప్పుడే బెజవాడ నుంచి మా సంఘాలన్నిటికీ పెద్ద అయ్యగారొకరు వచ్చి పాస్టరుగారింట్లో భోంచేశారు. వడ్డించింది నేను. అన్నం నూకలు కలిసి ముద్దగా ఉంది. ఆయన మారు మాట్లాడకుండా మజ్జిగ పోసుకుని తినేశారు. నాకే తల కొట్టేసినట్టయింది.

ఆ పై ఆదివారం ఆరాధన అయ్యాక గంప పక్కనే నిలబడ్డాను, పోలీసులాగా. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పోస్తున్నారు. బియ్యం మిల్లులో ఊడ్చే ఆమె వంతు వచ్చింది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. సంచి విప్పితే అన్నీ నూకలే, మట్టిరంగు నూకలు. పొయ్యబోతుంటే సంచి మూతి పట్టుకున్నాను.

"ఏంటమ్మా ఇవి?"

"నూకలు, పంతులమ్మగారూ."

"అది కనపడుతూనే ఉంది. దేవుడికిచ్చేది ఏరికోరి ఇస్తారా, ఇంట్లో పనికిరానిది తెచ్చి పారబోస్తారా? ఇదిగో, అందరూ వినండి. ఇకనుంచి నూకలు తేవద్దు. మంచి బియ్యం ఉంటే తెండి, లేకపోతే ఊరుకోండి."

పాస్టరుగారి భార్య వెనకనుంచి "పోన్లెండి పంతులమ్మగారూ, నేను చెరుక్కుంటానుగా" అన్నారు. ఆవిడ మాట నేను లెక్కచెయ్యలేదు. మిల్లు ఆమె సంచి మూతి ముడేసుకుంటూ, "ఏం వండితే అందులోదే తీస్తానమ్మా" అంది మెల్లగా. నా చెవిన పడింది. చెవిన పడ్డంతవరకే. తరవాతి సంచీ చూడ్డంలో మునిగిపోయాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా!

ఆమె అయిదు ఆదివారాలు చర్చికి రాలేదు. ఆరో వారం పాస్టరుగారి భార్య నన్ను పక్కకు పిలిచి, "ఒకసారి మీరే వెళ్ళి చూసి రండి" అన్నారు. ఎందుకు నన్నే పంపుతున్నారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

శనివారం ఒంటిపూట బడి వదిలాక వెళ్ళాను. ఊరి చివర పేటలో తాటాకు ఇల్లు. మొగుడు చాప మీద ఉన్నాడు, మోకాలి కింద నుంచి కర్రలు కట్టి ఉన్నాయి. రెండు నెలల కిందట బండిచక్రం కాలి మీదుగా పోయిందట. అదే మొదటిసారి వినడం. కార్యదర్శిని కదా, ఏ చాప ఎక్కడుందో తెలుసు గానీ ఎవరి కాలు విరిగిందో తెలియదు.

"పంతులమ్మగారొచ్చారు" అంటూ ఆమె కంగారుగా లేచి పీట వేసింది. పొయ్యిలో బూడిద చల్లారిపోయి ఉంది.

"ఇంకా వంట కాలేదా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనుక.

"నిన్నట్నించీ పొయ్యి వెలిగించలేదమ్మా. వానల్లేవు, వడ్లు రావట్లేదు, మిల్లు ఆపేశారు" అంది దాపరికం లేకుండా.

మూలన ముంత ఒకటి కనపడింది. మీద తెల్ల గుడ్డ కప్పి ఉంది. మంచినీళ్ళేమో అనుకుని గుడ్డ తీశాను. అంచుదాకా నూకలు.

"అయ్యో, ఇన్ని పెట్టుకుని పస్తులుంటున్నారా!"

"అయి దేవుడివమ్మా" అంది. "వండిన రోజల్లా తీస్తానే ఉన్నాను. మీరు తేవద్దన్నారు గదా. ఏం చెయ్యాలో తెలవక అట్టా ఉంచాను."

ఇవ్వనివ్వలేదు నేను. తినడానికి ఆమెకు మనసొప్పలేదు. నా ఒక్క మాటకు ఆ ముంత ఆ ఇద్దరి ఆకలి ముందు అయిదు వారాలుగా అలా కూర్చుంది.

"వండుకోవచ్చు అక్కా, దేవుడేం అనడు" అన్నాను. అక్కా అని పిలవడం అదే మొదలు.

ఆమె నా వంక వింతగా చూసింది. "తీసిపెట్టింది మళ్ళీ మనం ఎట్టా తింటామమ్మా?"

చాప మీది మొగుడు కాస్త పైకి లేచాడు. "అది మీ చేత్తో పాస్టరయ్యగారికి ఇచ్చి, నా కాలు కోసం ప్రార్థన చెయ్యమని చెప్పండమ్మా. మా ముంత గంపలో పడని కాడ్నించీ నాకు మనసు మనసులో లేదు."

ఇస్తానని మాటిచ్చి ముంత చంకనెత్తుకున్నాను. మా ఇంటినుంచి బియ్యం, కందిపప్పు పంపిస్తే తీసుకుంటారా అని భయపడుతూ అడిగాను. "మీరిచ్చింది తింటామమ్మా, దానికేం!" అంది. పంపించాను. అదేదో పెద్ద పని చేశానని చెప్పుకోవడానికి కాదు, అసలు చేసిన పని ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఇంటికొచ్చాక ఆలోచన పట్టుకుంది. నూకల ముంత పట్టుకుని పాస్టరుగారి గుమ్మం ఎలా ఎక్కను? తేవద్దన్నది నేనేనాయె. ఎవరివని అడిగితే ఆ ఇంటి సంగతి చెప్పాలి, అది చెబితే నా సంగతీ చెప్పాలి. ఛీ, అంత చిన్న సిగ్గు కోసం! ముంతలోని నూకలు చేటలోకి వంపేసి, అదే ముంత నిండా మా సన్నబియ్యం పోశాను. బియ్యానికి బియ్యం, పైగా మేలురకం, దేవుడికేం నష్టం అనుకున్నాను. నూకలు పెరట్లో చల్లాను. పస్తుండి కూడా వాళ్ళు ముట్టని గింజల్ని, గూటికి చేరబోతున్న మా కోళ్ళు చిటికెలో ఏరుకు తినేశాయి.

ఆ సాయంత్రమే ముంత తీసుకెళ్ళి పాస్టరుగారి భార్య చేతికిచ్చాను. "ఎంత తెల్లగా ఉన్నాయో! ఎవరివండీ?" అన్నారావిడ. నిజం చెప్పడానికి దేవుడు నాకు మరో అవకాశం ఇచ్చాడు. "మావేనండి" అన్నాను.

పాస్టరుగారు ముంత మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మా ఆయన పేరు, మా ఇద్దరు పిల్లల పేర్లు చెప్పి మరీ దీవించమన్నారు. మా ఇంట్లో ఏ కొదవా రాకూడదన్నారు. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను.

మర్నాడు ఆమె చర్చికి వచ్చింది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి ఎప్పటి చోటే కూర్చుంది. ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది.

"ఇచ్చారా అమ్మా?"

"ఇచ్చాను."

"నూకలని అయ్యగారేమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదు."

"ప్రార్థన చేశారా?"

"చేశారు" అన్నాను.

ఆమె ఒక్కక్షణం కళ్ళు మూసుకుంది. "మా ఆయన రాత్రంతా అదే అడుగుతున్నాడమ్మా. పోయి చెబుతాను, ఇయ్యాలన్నా నిద్రపోతాడు" అని, నాకు వందనాలు చెప్పి గబగబా బయల్దేరింది. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంది కాసేపు. నేను పిలవలేదు.