ఛార్జీ సున్నా, మనిషి ఒకటి

2025. ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సుల్లో ఛార్జీ తీసేసిన కొత్త రోజులు. నంద్యాల–ఆళ్లగడ్డ రూట్లో నేను కండక్టర్‌ని. ఇప్పటికీ అదే రూటు. ఆడ కండక్టరంటే జనం మొహం చిట్లించిన రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను కాబట్టి, ఎంత కిక్కిరిసిన బస్సులోనైనా నా గొంతు వెనక సీటు దాకా వినిపిస్తుంది. ఆ విషయంలో నాకు గర్వమే, దాచుకోను.

ఛార్జీ లేదంటే టికెట్ లేదని కాదు. ఆధార్ కార్డు చూసి, టిమ్‌లో, అంటే మా మెడలో వేలాడే టికెట్ మిషన్‌లో, టికెట్ కొట్టి చేతికివ్వాలి. దాన్ని జీరో టికెట్ అంటాం. అది ఇవ్వకుండా ఒక్క మనిషిని తీసుకెళ్లినా, దారిలో చెకింగ్ వాళ్లు ఎక్కితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేనే.

సాయంత్రం ట్రిప్పులో రామలక్ష్మమ్మ అనే పెద్దావిడ ఆళ్లగడ్డలో ఎక్కేది. అక్కడ విగ్రహాలు చెక్కే షెడ్డులో పని ఆమెకు. శిల్పి ఉలి దించాక రాయికి నునుపు తెచ్చే పని. నీళ్లు పోస్తూ, రుద్దుతూ పొద్దంతా నిలబడే ఉండాలి. చీర కుచ్చిళ్ల నిండా రాతిపొడి. బస్సెక్కగానే మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చుని, నంద్యాల వచ్చేదాకా కళ్లు మూసుకునేది. ఛార్జీ ఇచ్చిన రోజుల్లోనూ ఆమె అక్కడే కూర్చునేది.

మా వైపు బస్సు ఆగీ ఆగకముందే కింద నుంచి కిటికీలోకి టవల్ విసురుతారు. టవల్ పడితే సీటు వాళ్లదే. ఏ రూల్లోనూ రాసి లేదు, అయినా అందరూ ఒప్పుకుంటారు. ఒకరోజు అలా విసిరిన టవల్ వచ్చి, అప్పటికే కూర్చున్న రామలక్ష్మమ్మ ఒళ్లో పడింది. ఆ వెనకే టవల్ ఆసామి ఎక్కాడు. రోజూ వచ్చేవాడే, ఇస్త్రీ చొక్కా మనిషి.

"లెయ్‌మ్మా, టవల్ ఏసినా."

"నేను ముందే కూచున్నా కదప్పా."

"ఫ్రీగా పోయేటోళ్లకు సీటేందీ? దుడ్లు పెట్టి టికెట్ తీసుకునేది మేము."

నేను వెనక టికెట్లు కొడుతున్నాను. జనాన్ని తోసుకుని ముందుకొచ్చేసరికే ఆమె లేచి కడ్డీ పట్టుకుని ఉంది. అతన్ని లేవమన్నాను. నా గొంతు ఎలాంటిదో చెప్పాను కదా, బస్సంతా ఇటే చూసింది. కానీ రామలక్ష్మమ్మే నా చేయి పట్టుకుంది. "పోనీలే పాపా, మాటలొద్దు" అంది. అతను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. ఆమె వద్దన్నాక నేనేం చేయను? పళ్లు నూరుకుంటూ వెనక్కి పోయాను.

మరునాడు బస్సు సగం ఖాళీ. అయినా ఆమె నిలబడే ఉంది. ఆ మరునాడూ అంతే. నా కండక్టర్ సీటు చూపించి కూర్చోమన్నాను.

"అది నీ డ్యూటీ సీటు. నాకెందుకు?"

"మరి ఇన్ని సీట్లు ఖాళీగుంటే ఏంటికి నిలబడ్తాండావ్ పెద్దమ్మా?"

"సున్నా టికెట్టు కదా పాపా. ఎక్కించుకునేదే ఎక్కువ. ఇంగ కూచుంటే ఏం మర్యాద?"

నాకు ఒళ్లు మండిపోయింది. అతను అన్న మాట సరే, నోటి దూల అనుకుంటాం. ఆ మాటను ఈమె నిజమని నమ్మింది, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. దేవుడి మొహానికి నునుపు తెచ్చే మనిషి తన కాళ్లకు ఇంత విశ్రాంతి అడగడానికి సిగ్గుపడుతోంది.

ఆమె చేతిలోని టికెట్ తీసుకుని వెలుతురులో పట్టుకున్నాను.

"అంకెలు తెలుసా నీకు?"

"బస్సు నెంబర్లు సూసుకునే మాత్రం తెలుసు."

"ఈడ సూడు. ఛార్జీ కాడ సున్నా ఉండాది. మనిషి కాడ ఏముండాది?"

ఆమె కళ్లు చిట్లించి చూసింది. "ఒకటి."

"దుడ్లిచ్చినోళ్ల టికెట్లోనూ మనిషి కాడ అదే ఒకటి. ఒకటిన్నర ఎవురికీ కొట్టను నేను. ఈ కాయితం నీకియ్యకపోతే నా మీద కేసు రాస్తారు. అంత ఇలువ దీనికి."

ఆమె టికెట్ మడిచి కొంగున ముడేసుకుంది. ఆ రోజు కూర్చోలేదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు నిలబడే వచ్చింది. నా మాటలు గాలికి పోయాయనుకున్నాను.

ఒక సాయంత్రం ఎక్కీ ఎక్కగానే నా దగ్గర టికెట్ తీసుకుని కొంగున ముడేసుకుని, నేరుగా పోయి తన పాత సీట్లో కూర్చుంది. నాకు లోపల సంబరం. అంతలోనే కిటికీలోంచి టవల్ పడింది. ఆ ఇస్త్రీ చొక్కా మనిషే.

"లెయ్‌మ్మా, టవల్..."

ఆమె లేవలేదు. టవల్‌ను శుభ్రంగా మడిచి అతని చేతికిచ్చింది. తర్వాత కొంగుముడి విప్పి, అప్పుడే నేనిచ్చిన టికెట్ చూపించింది.

"నా టికెట్ ఇది. నీ టవల్‌కు టికెట్ కొట్టించినావా అప్పా?"

బస్సంతా గొల్లున నవ్వింది. అతను టవల్ భుజాన వేసుకుని కడ్డీ పట్టుకున్నాడు. అతనికి టికెట్ కొట్టడానికి వెళ్లిన నేను నవ్వాపుకోలేక టిమ్‌లో స్టేజి తప్పు నొక్కబోయాను.

శిరివెళ్లలో చంకన బిడ్డతో ఒక అమ్మాయి ఎక్కింది. ఎక్కడా సీటు లేదు. రామలక్ష్మమ్మ వెంటనే లేచి ఆమెను కూర్చోబెట్టింది. పక్కనే నిలబడి ఉన్న టవల్ మనిషి ఊరుకోలేక, "నేనడిగితే లేయలే, ఇప్పుడు లేస్తివే?" అన్నాడు.

"అప్పుడు నువ్వు లేపినావు. ఇప్పుడు నేను లేసినా" అంది ఆమె.

నేను వెళ్లి నా సీటు మీది బ్యాగు తీశాను. "కూచో పెద్దమ్మా" అన్నాను. ఈసారి కాదనలేదు. కూర్చుని, కాస్త పక్కకు జరిగి, "నువ్వూ కూచో పాపా, పొద్దన్నించి నిలబడే ఉండావ్" అంది. ఇన్నేళ్ల సర్వీసులో ఒక ప్యాసింజరు నాతో ఆ మాట అనడం అదే మొదలు. నంద్యాల వచ్చేదాకా ఆమెను చూస్తూ గర్వపడ్డాను, నా సొంత మనిషిని చూసినట్టు.

ఇదంతా నాకు నేర్పింది ఒక్కటే. మర్యాద ఇచ్చే పని ఎదుటివాళ్లది కావచ్చు, అది మనకు చెందుతుందని తెలిసి ఉండటం మాత్రం మన పని. అందుకే ఇప్పుడు జీరో టికెట్ ఇచ్చేటప్పుడు ఊరికే చించి ఇవ్వను. "నంద్యాల, ఒకటి" అని వెనక సీటుకు కూడా వినపడేలా చెప్పి, చేతిలో పెడతాను.