కెమెరాకి తెలియని బరువు

మా అమ్మకి స్నేహితురాలైన ఒక ఆంటీ లాస్ ఏంజిలిస్‌లో ఒక టీవీ డిటెక్టివ్ సీరియల్‌కి బట్టలు కుట్టేది. ఆ ఉద్యోగం మానేసిన రోజు సీరియల్‌లో వాడిన పచ్చరాళ్ళ నెక్లెస్ ఒకటి ఆవిడకి ఇచ్చారు. ఇక అది మెడలోంచి తీసేది కాదు. ఒక ఎపిసోడ్‌లో దొంగలు ఎత్తుకుపోయింది దాన్నేనని చెబుతూ, రెండు వేళ్ళతో రాళ్ళు నిమిరేది. "గిల్టేనమ్మా. కెమెరాకి బరువు తెలీదుగా" అని తనే ముందు నవ్వేసేది.

ఎనభైల్లో ఫ్రీమాంట్‌లో నా పెళ్ళి జరిగినప్పుడు, ఆంటీ ఆ నెక్లెస్ తీసి నా చేతిలో పెట్టింది. మా అమ్మ అలవాటుకొద్దీ దాన్ని అరచేతిలో వేసుకుని, రెండుసార్లు ఎగరేసి బరువు చూసింది. పక్కనున్న ఆడవాళ్ళకి అందించింది. వాళ్ళూ అలాగే చూశారు.

"పిల్లలు ఆడుకోడానికి బావుంటుందిలే" అందొకావిడ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆంటీ మాత్రం ఈసారి నవ్వలేదు. ఆవిడ వేళ్ళు బోసి మెడని తడుముతున్నాయి.

ఆ తర్వాత ఆవిడ మా ఇంటికి రాలేదు, నేనూ పిలవలేదు. ఆ ఎపిసోడ్‌లో నెక్లెస్ కోసం డిటెక్టివ్ ఊరంతా గాలించాడట. నా దగ్గర అది ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలీదు.