చింతకాయలు కొరికిన పెళ్లి

మొన్న మైదుకూరు రోడ్డులో తోపుడు బండి మీద పచ్చి చింతకాయలు రాశిపోసి అమ్ముతుంటే నా భార్య అరకిలో తూయించింది. ఇంటికి వచ్చాక ఒకటి విరిచి ఉప్పద్దుకుని కొరికింది. నేను లేచి వీధరుగు మీదికి వెళ్లి కూర్చున్నాను. ఎందుకని ఆమె అడగడం మానేసి చాలా ఏళ్లయింది.

మా మేనమామ నాదస్వరం వాయించేవాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రొద్దుటూరు షావుకార్లకు ఊరేగింపులో బ్యాండు ఉంటేనే పెళ్లి అనిపించసాగింది. మామ కొడుకు, అంటే మా బావ, కార్నెట్ అనే ఇత్తడి బాకా నేర్చుకుని, బ్యాండు సెట్టు పెట్టి దానికి మాస్టరయ్యాడు. నేను అందులో సైడు డ్రమ్ము వాయించేవాణ్ని. పెళ్లిళ్లు లేని మూఢాల్లో లైబ్రరీలో కూర్చుని చదువుకునేవాణ్ని. మామ అరవయ్యో ఏట క్లారినెట్ పట్టి కొడుకు కింద చేరాడు. ఎర్రకోటు, తెల్ల ప్యాంటు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ప్యాంటు తొడుక్కుని వీధిలో నాలుగడుగులు వేసి, "కాళ్లు రెండూ భాగాలు పంచుకున్నట్టుండాదిరా" అన్నాడు. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు. కొన్నేళ్లు బ్యాండు ఆయన పేరు మీదే నడిచింది. పులివెందుల వైపు రైతులు "పెద్దాయన వస్తాడా?" అని అడిగాకే మేళం కుదుర్చుకునేవారు. తర్వాత ముందుపళ్లు పోయాయి, ఊపిరి తగ్గింది. పాట మధ్యలో ఆగిపోయి, మళ్లీ ఎక్కడో అందుకునేవాడు. నేను డ్రమ్ము గట్టిగా కొట్టి కప్పేవాణ్ని. మానుకోమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. "నాయనకు నేనెట్ల చెప్పేది? నోట్లో ముద్ద తీసినట్టే గదా" అనేవాడు బావ. ఆ మాటకు అతన్ని మంచివాడనుకున్నాను.

మేళగాళ్ల ముందు కూర్చుని పుల్లటివి తినడం పెళ్లిళ్లలో పాత పరాచికం. చూసేవాడికి నోరూరుతుంది, ఊదే పీకలోకి నీళ్లు దిగుతాయి, స్వరం కీచుమంటుంది. అందుకే మాలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవడి ముందు చింతకాయ కనిపిస్తే వాడు మొహం తిప్పుకోవాలి. మిగతావాళ్లం రెట్టింపు జోరుగా వాయించి వాణ్ని కాపాడాలి.

అలా ఉండగా ఒక కార్తీకంలో జమ్మలమడుగులో ఒక పెద్ద రైతు ఇంటి పెళ్లి. సాయంత్రం ఊరేగింపు నడివీధిలో ఆగింది. పెళ్లికొడుకు స్నేహితులు కొందరు పచ్చి చింతకాయలు, ఉప్పూకారం పట్టుకుని మామ ఎదురుగా గొంతుక్కూర్చున్నారు.

"ఏం మామా, నోరూరుతాండాదా?"

మామ మొహం పైకెత్తి వాయించాడు. మేము జోరు పెంచాం. అప్పుడు బావ కార్నెట్ దించి చెయ్యెత్తాడు. అది ఆపమని గుర్తు. అలవాటు చొప్పున అందరి చేతులూ ఆగిపోయాయి. తన వెనక లేచిన ఆ చెయ్యి మామకు కనిపించలేదు. వీధి మొత్తం మీద ఒక్క క్లారినెట్ మిగిలింది. అది కీచుమంది, ఆగింది, మళ్లీ కీచుమంది. గడ్డం మీదుగా చొంగ కారి కోటు మీద పడింది.

"కోడిని కోస్తాండారా ఏంది!" అని ఒకడు అరిచాడు. మిద్దెల మీది ఆడవాళ్లు కూడా నవ్వారు. మామ కోపంగా వాళ్ల మీదికి పోయేసరికి వాళ్లలో చిన్నవాడు బెదిరి, "మమ్మల్నేమనొద్దప్పా, కాయలు తెచ్చిచ్చింది మీ మాస్టరే" అన్నాడు.

మామ వెనక్కి తిరిగి కొడుకును చూశాడు.

"ఇంట్లో చెప్పింటే పోయేది గదరా."

"చెప్తే ఇనేవానివా నాయనా?"

మామ కాస్త ఆలోచించాడు. "ఇనేవాన్ని కాదులే" అన్నాడు.

అక్కడే నిలబడి కోటు గుండీలు విప్పాడు. బావ కోటు అందుకుని, ముందు భాగం రుమాలుతో తుడిచి, వెనక జట్కాలో కూర్చున్న మనిషికి ఇచ్చాడు. చిలమకూరు నుంచి పిలిపించిన కొత్త క్లారినెట్ వాడు. అతను వస్తున్నట్టు మాలో ఎవరికీ తెలియదు. కోటు అతనికి సరిపోయింది. ఊరేగింపు కదిలింది. ఆ పూట బ్యాండు చాలా బాగా మోగింది. పెళ్లివారు మెచ్చుకున్నారు.

మామ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. మేళం మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లతో, "మావోడు బాగా వాయిస్తాడప్పా, పిల్సుకపోండి" అని తానే చెప్పేవాడు. ఊరేగింపు తమ వీధికి వస్తే మాత్రం లోపలికి వెళ్లి తలుపు వేసుకునేవాడు.

ఆయన పోయాక ఒకసారి బావ దగ్గర జమ్మలమడుగు పెళ్లి మాట ఎత్తాను. "ఏ పెండ్లి?" అన్నాడు. నటన కాదు, నిజంగానే గుర్తు లేదు. కాలం గాయాలను మాన్పుతుందంటారు. నేను చూసినంతలో అది కొట్టినవాళ్ల దగ్గర మొదలుపెడుతుంది. దెబ్బ తిన్నవాళ్ల దాకా వచ్చేసరికి వాళ్లు ఉండరు.