నాట్లకు కొన్న వాక్‌మన్

మొన్న భద్రాచలం నుంచి వస్తున్న బస్సులో నా పక్కన ఒక పిల్ల చెవుల్లో తీగలు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పాట ఆమె లోపల మోగుతోంది. బయటికి మాత్రం చిటచిటమనే చప్పుడొకటి సన్నగా కారుతోంది. మాట లేదు, రాగం లేదు, ఉత్త తాళమే. మామూలుగా అయితే తగ్గించుకొమ్మని గట్టిగా చెప్పేదాన్ని. ఆ రోజు చెప్పలేదు. దిగేదాకా ఆ చప్పుడే వింటూ కూర్చున్నాను. ముత్తక్క గుర్తొచ్చింది.

ముత్తక్క మా ముఠా మేస్త్రి. మాది చర్ల అవతల, అడవి అంచున ఉన్న ఊరు. వానాకాలంలో కాలువ కింద పొలాలన్నీ ఒక్కసారే నాటుకు వస్తాయి. ఆసాములు మనుషులను ఒక్కొక్కరిగా పిలుచుకోరు, ముఠాను పిలుచుకుంటారు. పొలం గుత్తకు మాట్లాడేది మేస్త్రి. నాటు వేసేటప్పుడు ఆడవాళ్ళమంతా వరసగా వంగి, మొక్క గుచ్చుతూ వెనక్కి నడుస్తాం. ఒకరు జల్దీగా, ఒకరు నిదానంగా నడిస్తే వరస వంకరపోతుంది. నిదానంగా ఉన్న మనిషి చుట్టూ మొక్కలు లేచి మధ్యలో చిక్కుకుపోతుంది. అందుకని ఒకరు పాట ఎత్తుతారు, మిగతావాళ్ళు అందుకుంటారు. పాటను బట్టే అడుగు. ఒడ్డు మీద నుంచి చూసేవాళ్ళకు అది సరదాగా కనిపిస్తుంది. మాకు అది ఎడ్ల మెడ మీద కాడి లాంటిది. అందరినీ ఒక్క తీరుగా నడిపేది అదే.

మా ముఠాలో పాట ఎత్తేది ముత్తక్కే. సన్నటి మనిషి, గొంతు మాత్రం రెండు మళ్ళ అవతలికి వినిపించేది. చరణం పూర్తి కాకుండా ఎవరూ నడుము ఎత్తకూడదు. ఎత్తితే పాట ఆపకుండానే, ఆ రాగంలోనే, వాళ్ళ పేరు కలిపి తిట్టేది. ఆ తిట్టును కూడా మేమంతా అందుకుని పాడవలసిందే. నేను రెండో తరగతితో బడి మానిన దాన్ని. ఒక పనిని పదిమందితో ఎట్లా చేయించాలో ఆమె దగ్గరే చూసి నేర్చుకున్నాను.

ఒక ఏడు నారు పోసే రోజుల్లో ఆమె గొంతు బొంగురుపోయింది. మిరియాలు నమిలింది, తేనె నాకింది, తగ్గలేదు. ఖమ్మం పెద్ద దవాఖానలో చూపించుకుని వచ్చింది. గొంతులో కాయ లాంటిది లేచిందని, ఈ పంట కారు గడిచేదాకా గొంతెత్తి పాడొద్దని, పాడితే మాట కూడా మిగలదని డాక్టరు చెప్పాడట. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడే ఆమె గొంతు గాలి పోయిన సైకిలు ట్యూబులా ఉంది.

పాట లేకపోతే ముఠా నిలవదు. పక్క ఊరి మేస్త్రి అప్పటికే మా ఆడవాళ్ళను తన ముఠాలోకి రమ్మని అడుగుతున్నాడు. మాలో సీతమ్మకు మంచి గొంతు ఉంది గానీ, ఆమె పాట ఎత్తితే మధ్యలో ఏదో ఒకటి గుర్తొచ్చి నవ్వేది. ఆమెను చూసి వరసంతా నవ్వేది. నాకు పాటలన్నీ నోటికి వచ్చు, కానీ ఏనాడూ ముందు ఎత్తిన దాన్ని కాదు. ఒకరు అన్నాక అనడమే అలవాటు.

దవాఖానలో ముత్తక్క పక్క మంచం మీద ఒక క్రైస్తవులామె ఉండేదట. చెవులకు వాక్‌మన్ తగిలించుకుని వాక్యం వింటూ, విన్నది విన్నట్టే పెదవులతో పలికేదట. ముత్తక్క అది చూసి వచ్చింది.

"నా పాటలు దాంట్ల పెడత. నువ్వు చెవిల పెట్టుకొని, అది ఎట్లంటే అట్ల బయటికి అను" అంది.

"నేనా?"

"నువ్వే. నీకు నవ్వు రాదు."

"పాటకు పైసలు పెట్టుడేంది అక్కా? దండగ."

"గందుకే నిన్ను దుకాణానికి తీసుకపోయేది. షాపాయన అక్కా అని పిలిస్తే నేను కరుగుత. నువ్వు కరగవు."

తన మేకపోతును అమ్మి ఆ వారమే నన్ను భద్రాచలం తీసుకుపోయింది. బస్టాండు దగ్గర టేపులు, ఫ్యాన్లు అమ్మే దుకాణం. షాపాయన మొదట బొటనవేలంత వస్తువు ఒకటి తీశాడు. కొత్తగా వచ్చిందన్నాడు. క్యాసెట్టు అక్కర లేదట, వందల పాటలు పడతాయట.

"పాటలు దాంట్లకు ఎట్ల పోతయి?" అని అడిగాను.

"కంప్యూటర్‌కు పెట్టి ఎక్కించుకోవాలమ్మా."

"మా ఊళ్ళ కరెంటే చుట్టం చూపుగ వస్తది."

మాట కూడా పట్టుకుంటుందని, ఈ బటన్ ఇన్నిసార్లు నొక్కి ఆ అక్షరాల్లోకి పోవాలని ఏదో చూపించాడు. ముత్తక్క దాన్ని చేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వేలితో తడిమింది. "బురద చేతికి ఇది దొరకదు" అని నా చెవిలో అంది. నేను గట్టిగా చెప్పాను. అక్కడి నుంచి ఆమె గుసగుసలాడటం, నేను పైకి అనడం. ఆ పని మాకు దుకాణంలోనే మొదలైంది.

క్యాసెట్టువి చాలానే ఉన్నాయి గానీ ఎక్కువ వాటికి పాడటమే తప్ప పట్టుకోవడం రాదు. పాట పట్టుకునే ఎర్ర బొత్తాం ఉన్నది కావాలన్నాను. రాత చదవకుండా గుర్తుపట్టే గుర్తు అదొక్కటే. అటక మీద నుంచి ఒకటి దించాడు. కొంచెం బరువు, కానీ నడుముకు కట్టుకోవడానికి వెనక కొక్కెం ఉంది.

ఇక చెవులకు పెట్టుకునేవి. ముందు ఇచ్చినవి చెవి రంధ్రంలో కూర్చునేవి. నేను పెట్టుకుని వంగాను. రెండూ రాలిపోయాయి. తల మీదుగా పట్టీ ఉన్నది ఇచ్చాడు. వంగితే పట్టీ జారి ముక్కు మీదికి వచ్చింది.

"ఏమైందమ్మా, కళ్ళు తిరుగుతున్నయా?" అన్నాడు షాపాయన.

"లేదు. నాటేస్తున్న."

చివరికి చెవి వెనక కొడవలిలా వంకర తిరిగి పట్టుకునేవి ఇచ్చాడు. వాటితో వంగి, మొక్క గుచ్చినట్టు చెయ్యి ఆడిస్తూ, దుకాణంలో వెనక్కి నడిచాను. ముత్తక్క పక్కనే వంగి నా చెవులను చూస్తూ తనూ వెనక్కి నడిచింది. బల్బు కొనడానికి వచ్చిన ఒకాయన గోడకు అతుక్కుని దారి ఇచ్చాడు.

"వెనక ఫ్యాన్లున్నయి తల్లీ, జర చూసుకోండ్రి. నా దుకాణంల నీళ్ళు పెట్టలేదు ఇంకా" అన్నాడు షాపాయన.

అవి ఊడలేదు. అప్పుడు బేరానికి దిగాను. "నాకు ఒక చెవికే కావాలె. రెండోది తీసేసి తగ్గియ్యి."

"ఒక చెవికి ఎవరమ్ముతరమ్మా?"

"రెండో చెవితోని ముఠా మాట వినాలె నేను. అది నాకు పనికిరాదు. పనికిరాని దానికి పైసలెందుకు?"

ఆయన ముత్తక్క దిక్కు చూశాడు, ఆమె ఏమైనా కరుగుతుందేమోనని. ఆమె గొంతు చూపించి, మాట రాదన్నట్టు చెయ్యి ఊపింది. చివరికి రెండు చెవులవీ ఇచ్చి, పెన్సిలు సెల్లులు, ఖాళీ క్యాసెట్టు ఊరికే ఇచ్చాడు.

తిరుగు బస్సును పోలీసులు ఆపి సంచులు చూశారు. మా వైపు అది మామూలే. ఒక జవాను వాక్‌మన్ తీసి అటూ ఇటూ తిప్పాడు. "ఇదేంది?"

"పాటలు పట్టేది సారు."

"ఎవరి పాటలు?"

"మావే. నాటు పాటలు."

చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. "ఏం వస్తలేదు కదా."

"ఇంకా పాడలే సారు."

ముత్తక్క తన ఇంట్లో మంచం మీద కూర్చుని, దిండుకు ఆనుకుని, సన్నటి గొంతుతో పాటలన్నీ ఆ క్యాసెట్టులోకి పాడింది. డాక్టరు గొంతెత్తొద్దన్నాడు గానీ మెల్లగా అనొద్దనలేదని ఆమె వాదన. తర్వాత తన గొంతు తనే విని, "గిట్లుంటదా నా పాట? ఇన్నేళ్ళు ఎట్ల ఓర్చుకున్నరే మీరు" అంది. మరునాటికి ఆ గుసగుస కూడా సగమైంది.

మొదటి రోజు నాటు పాడైపోయింది. వాక్‌మన్‌ను పాల కవరులో చుట్టి నడుముకు కట్టుకున్నాను. చెవిలో ముత్తక్క అంటోంది, నేను బయటికి అంటున్నాను, వరస అందుకుంటోంది. కాసేపటికే నాకు ఊపిరి ఆడలేదు. చరణాలు పొడుగ్గా, వేగంగా వచ్చిపడుతున్నాయి. పాటను అందుకోవాలని చేతులు పరుగెత్తాయి. మొక్క పలచబడింది. ఒకప్పుడు కాలు విరిగి అతికిన పుల్లమ్మ వరస చివర ఉండేది. ఆమె ఎక్కడో ముందరే ఉండిపోయి చుట్టూ నారు లేచింది. "ఇగ ఆడనే గుడిసె ఏసుకోవే" అని సీతమ్మ అంది. పుల్లమ్మ నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాయంత్రం ఆసామి ఒడ్డు మీద నిలబడి పొలం చూశాడు. "రేపు కూడా గిట్లనే ఉంటే నేను వేరే ముఠాను చూసుకుంట మేస్త్రమ్మా" అన్నాడు.

అందరూ వెళ్ళాక ముత్తక్క నా చెవికున్నది తీసి తను పెట్టుకుంది. నిలబడి వింది. మడిలోకి దిగి వంగి వింది. నడుము ఎత్తి, "కూసుండి పాడిన" అంది. "కూసున్న మనిషికి దమ్ము ఎక్కువుంటది. వంగితే కడుపు ఒత్తుకుంటది, పాట దానంతట అదే పొట్టిగైతది. గీ మాత్రం ఎరుక లేకపాయె నాకు." చీర దోపుకుని, ఎర్ర బొత్తాం ఏదని అడిగింది. వంగి నాటేస్తూ మళ్ళీ పాడుతుందట.

ఆమె గొంతు ఇంకొక్కసారి పాడితే ఉండదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

"పాటల మాటలు నాకొచ్చు" అన్నాను. "నాకు రానిది నీ నడక. నువ్వు నోరు మూసుకొని నాటెయ్యి. చాలు."

మేస్త్రితో ముఠా మనిషి మాట్లాడే మాట కాదది. ఆమె ఎర్ర బొత్తాం నొక్కి, వాక్‌మన్ తన నడుముకు కట్టుకుని, నాటు మిగిలిపోయిన మూలలో వంగింది. నేను ఒడ్డు మీద నారు కట్టలు అందిస్తూ కూర్చున్నాను. పొద్దు వాలేదాకా ఒక్క మాట లేకుండా నాటు వేసింది.

మరునాడు నా చెవిలో పాట లేదు. నీళ్ళలో కాలు తీసి పెట్టే చప్పుడు, మొక్క గుచ్చినప్పుడు బురద మూసుకునే చప్పుడు, ఆమె ఊపిరి. ఆ ఊపిరి మీద నేనే పాట ఎత్తాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, అయినా వరస అందుకుంది. అయితే క్యాసెట్టులో ఉండి ఉండి చప్పుడు ఆగిపోతోంది. ఏమీ వినిపించదు. మళ్ళీ అడుగు పడుతుంది. దుకాణపాయన పాడైన క్యాసెట్టు అంటగట్టాడని లోపల తిట్టుకున్నాను. గత్యంతరం లేక అది ఆగినచోటల్లా నేనూ పాట సాగదీసి ఆగాను. మధ్యాహ్నం నడుము ఎత్తి చూస్తే వరస తాడు పట్టి లాగినట్టు ఉంది. చివర పుల్లమ్మ కూడా మాతో సమంగా ఉంది. సాయంత్రం ఆసామి ఒడ్డు మీదుగా నడిచి, రేపు కింది మడికి రమ్మని చెప్పి పోయాడు. ముఠా నిలబడింది.

ఆగడం క్యాసెట్టు తప్పు కాదని వరస చూశాక తోచింది. రాత్రి వాక్‌మన్ ఇవ్వడానికి పోయినప్పుడు అడిగాను. "నిన్న ఆ మూల నువ్వు ఒక్కదానివే ఉంటివి కదా అక్కా. మధ్యమధ్యల ఎందుకు ఆగినవ్? అలసిపోయినవా?"

ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "పుల్లమ్మ అడుగు పడాలె కదనే" అంది.

తర్వాత ఆమె గొంతు కొంచెం కోలుకుంది. మాట్లాడటానికి సరిపోయింది, పాడటానికి చాలలేదు. చనిపోయేదాకా నాటుకు మాత్రం వచ్చింది. వరసలో పుల్లమ్మ పక్కన వంగి, నేను ఎత్తిన పాట అందుకునేది. ఎప్పుడైనా నేను వేగం పెంచితే రాగంలో నా పేరు కలిపి తిట్టేది. బొంగురు గొంతుతో తిట్టినా వరసంతా దాన్ని అందుకునేది.

ఇప్పుడు నా మోకాళ్ళు నాటుకు పనికిరావు. నడక మాత్రం అదే. సంతకు పోయేటప్పుడు నలుగురితో నడుస్తూ ఉండి ఉండి ఆగుతాను. కంది చేలో కాయ కోసేవాళ్ళతో పోయినా ఆగుతాను. ఇంట్లో వాళ్ళు ముసలితనం అనుకుంటారు, పోనీ అనుకోనీ. వెనక్కి తిరిగి చూడను. చివరి మనిషి అడుగు చప్పుడు చెవిన పడ్డాక కదులుతాను.